నిండిపోయిన టాబ్లెట్, ఆగిపోయిన దరఖాస్తు

పోయిన సంవత్సరం ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ముగిసే రోజు రాత్రి, ఇషా నమాజు అయిన తరువాత, ఇస్నాపూర్ వైపు నుంచి ఒక తల్లి, ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఆమె కుమార్తె మా మస్జిద్ ప్రక్క గదికి వచ్చారు. తండ్రి పాశమైలారంలోని ఒక కర్మాగారంలో రాత్రి షిఫ్టులో ఉన్నాడు. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఒకే ఫోను. అది ఆయనతో పాటే డ్యూటీకి వెళ్ళిపోతుంది. ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే. కాబట్టి ఏర్పాటు ఇలా చేసుకున్నారు: పది గంటల టీ విరామంలో ఆయన గేటు దగ్గరకు వచ్చి, లాకరులో నుంచి ఫోను తీసి, మాకు కబురు చేస్తాడు, ఇక్కడ అమ్మాయి బటను నొక్కుతుంది, అక్కడ ఆయన అంకెలు చదువుతాడు.

ఆయన మాట తప్పలేదు. పదింటికి ఫోను చేశాడు, అంకెలు చదివాడు. కానీ ముఖం చూపి గుర్తింపు ధ్రువీకరించుకొనే యాప్ వేరుగా ఎక్కించుకోవలసి ఉన్నది. మా టాబ్లెట్ దానిని ఎక్కించుకోనన్నది. స్టోరేజ్ నిండిపోయినదని ఒక ఎర్రటి గుర్తు చూపింది. నాలుగు ఫోటోలు తీసివేశాము, చాలలేదు. ఇంకొన్ని తీసివేసేసరికి ఓటీపీ కాలం తీరిపోయింది. విరామం ముగిసి ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. అర్ధరాత్రితో గడువు కూడా ముగిసింది.

ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పర్వాలేదు భాయ్‌సాబ్, నసీబులో లేదు" అన్నది. అమ్మాయి మాత్రం ఏమీ అనకుండా టాబ్లెట్ తెరను దుపట్టా కొసతో తుడిచి, కవరులో పెట్టి, బల్ల మీద ఎక్కడిదక్కడ ఉంచి వెళ్ళింది. ఆ తుడవడం మాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నది.

మేము ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై మూడు సంవత్సరాలు గుమాస్తాగిరీ చేశాము. గడువు అంటే ఏమిటో, గడువు దాటిన కాగితానికి ఏ గతి పడుతుందో మాకు వేరే చెప్పనక్కరలేదు. మా చేతుల మీదుగానే ఎన్నో దరఖాస్తులు 'కాలాతీతం' అన్న ముద్రతో వెనక్కు వెళ్ళాయి. ఆ రోజులలో ముద్ర వేసే చేయి ఒకటి కనిపించేది. ఆ చేతిని బ్రతిమాలడానికో, నిలదీయడానికో మనిషికి అవకాశం ఉండేది. ఈ రాత్రి ఎవరిని నిలదీయాలి?

మొదట మేము టాబ్లెట్‌నే తిట్టుకున్నాము. అది చౌక సరుకు. మొహల్లా పెద్దలు తలా కొంత వేసుకొని, పటాన్‌చెరులో ఏడు వేల చిల్లరకు కొన్నది. కార్మికుల పిల్లలు వచ్చి చదువుకొంటారు, దరఖాస్తులు నింపుకొంటారు అన్నది ఉద్దేశం. పెట్టె మీద 32 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉన్నది. అందులో మూడవ వంతుకు పైగా ఆండ్రాయిడ్ వ్యవస్థ, దానితో పాటు దుకాణంలోనే ఎక్కించి పంపిన యాప్‌లు ఆక్రమించుకొన్నాయని పెట్టె మీద ఎక్కడా లేదు. కిలో అని తూచి ఆరు వందల యాభై గ్రాములు ఇచ్చే వర్తకుని మనం కొలతల శాఖకు పట్టిస్తాము. ఇక్కడ మాత్రం సంచి బరువు కూడా సరుకు కిందే జమ.

మరునాడు ఫజర్ నమాజు తరువాత తీరికగా కూర్చొని సెట్టింగ్‌లు తెరచి, స్టోరేజ్ అన్న చోట వరుసగా లెక్క చూశాము. గుమాస్తా బుద్ధి, లెక్క చూడనిదే ఊరుకోదు. చూసిన తరువాత తిట్టవలసిన వారి జాబితాలో మా పేరు కూడా చేరింది.

మస్జిద్ గ్రూపు, మొహల్లా గ్రూపు, రిటైరైన ఉద్యోగుల గ్రూపు, మరో మూడు గ్రూపులు ఆ టాబ్లెట్‌లోని వాట్సాప్‌లో ఉన్నాయి. అవన్నీ మా సౌకర్యం కోసం మేము పెట్టుకొన్నవే. ప్రతి శుక్రవారం 'జుమా ముబారక్' అని గులాబీ పువ్వులతో, గుంబదులతో, ఎగిరే పావురాలతో వచ్చే చిత్రాలు వందల కొద్దీ ఉన్నాయి. ఒకే బయాన్ వీడియో నాలుగు గ్రూపులలో నాలుగు సార్లు వచ్చి, నాలుగు సార్లు దిగి, నాలుగు చోట్ల పడి ఉన్నది. ఎవరి పెళ్ళి కార్డో, ఎవరి ఇంటి గృహప్రవేశమో, రంజాన్ పట్టికలు మూడు సంవత్సరాలవి. మొత్తం కలిపి ఏడు జీబీలకు పైగా! ఒక ఆడపిల్ల దరఖాస్తుకు కావలసిన యాప్‌కు చోటు లేని చోట మూడేళ్ళ నాటి సహరీ వేళలకు చోటు ఉన్నది. మీడియా తనంతట తాను దిగకుండా ఆపే మీట వాట్సాప్ సెట్టింగ్‌లలోనే ఉన్నది. దానిని నొక్కడానికి పది సెకన్లు పట్టింది. మూడు సంవత్సరాలుగా ఆ పది సెకన్లు మాకు దొరకలేదు.

మన సంగతి మనం ఒప్పుకొన్న తరువాత మిగిలిన లెక్క కూడా చూడాలి కదా. ముందే ఎక్కించి పంపిన యాప్‌లలో మాకు పనికి వచ్చేవి రెండో మూడో. సినిమాలది ఒకటి, సంగీతానిది ఒకటి, ఆటలవి, దుకాణాలవి. తీసివేద్దామంటే 'అన్‌ఇన్‌స్టాల్' అన్న మాట చాలా వాటికి కనిపించదు. 'నిలిపివేయి' అన్నది మాత్రమే ఉంటుంది. నిలిపివేస్తే అది నిద్రపోతుంది గానీ ఇల్లు ఖాళీ చేయదు. డబ్బు పెట్టి కొన్న వస్తువులో మనకు అక్కరలేని అద్దెదారులను మనం వెళ్ళగొట్టలేము.

ఈ మాట మేమొక్కరమే అంటున్నది కాదు. 2022 అక్టోబరు 20న మన దేశపు కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ముందే ఎక్కించిన తన యాప్‌లను వినియోగదారులు తొలగించుకోవడానికి అడ్డు చెప్పరాదని కూడా ఆదేశించింది. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది. కానీ ఆదేశాలలో కొన్నింటిని కొట్టివేసింది. యాప్‌లు తొలగించుకొనే హక్కు ఆ కొట్టివేసిన వాటితో పాటే పోయింది. వేల కోట్ల జరిమానా వార్త పత్రికలలో మొదటి పుటలో వచ్చింది. మా టాబ్లెట్‌లో మాత్రం చోటు ఒక్క ఎంబీ కూడా పెరగలేదు.

పాఠకులలో పెద్దవారికి 'ఆకాశ్' గుర్తుండే ఉంటుంది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన చౌక టాబ్లెట్ అది. ప్రపంచంలోనే అతి చౌక అన్నారు. డేటావిండ్ అన్న సంస్థ సరఫరా చేయగా దాని కూర్పు మన హైదరాబాదులోనే జరిగింది. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. ఆ ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలకు చోటే లేదు. 2012లో వచ్చిన 4.1తో గానీ తెలుగు ఆ వ్యవస్థలో భాగం కాలేదు. అంటే హైదరాబాదులో తయారైన విద్యార్థుల పలక హైదరాబాదు పిల్లవాడి భాషను చదవలేదు. తరువాత కొంతకాలానికి ఆ పేరే వినబడకుండా పోయింది. వస్తువును చౌక చేయడం సులభమే, దానిని పది సంవత్సరాలు పోషించడమే కష్టమని ఆనాడే తెలియవలసింది.

ఇప్పుడు అక్షరాల బాధ చాలావరకు తీరింది. తీరిన చోట కొత్తది మొలిచింది. మా వైపు తల్లులలో చాలామంది ఉర్దూ మాట్లాడుతారు, తెలుగు చదువుతారు. టాబ్లెట్‌ను తెలుగులో పెడితే పిల్లలు ఇంగ్లీషులో పెట్టమంటారు. పెద్ద ఇమాం సాహెబ్ కోరితే ఒకసారి ఉర్దూలో పెట్టాము. తెర మొత్తం అద్దంలో చూసినట్లు కుడి నుంచి ఎడమకు తిరగబడింది, వెనక్కు వెళ్ళే బాణం కుడి ప్రక్కకు పోయింది. సరే, అది న్యాయమే. కానీ అక్షరాలు మన నస్తాలీఖ్‌లో కాక నస్ఖ్‌లో వచ్చాయి. ఇమాం సాహెబ్ కళ్ళద్దాలు సవరించుకొని, "ఇది అరబ్బీ షేర్వానీ తొడుక్కున్న ఉర్దూ" అని నవ్వారు. తెలంగాణలో ఉర్దూకు 2017లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాష హోదా ఇచ్చారు. హోదా గెజిట్‌లో ఉన్నది, దరఖాస్తు తెర మీదకు ఎప్పుడు దిగుతుందో చూడాలి.

ఇంకొక సంగతి, దీనిని ఇంటింటా ఆలోచించుకోవాలని మా మనవి. మా టాబ్లెట్‌లో అజాన్ వేళలు, ఖిబ్లా దిశ చూపే యాప్‌లు మూడు ఉన్నాయి. ఎవరు ఎక్కించారో తెలియదు, ఎక్కించిన వారి నియ్యత్ మంచిదే. మూడింటికీ మనం ఎక్కడున్నామో నిరంతరం తెలుసుకొనే అనుమతి ఇచ్చి ఉన్నది. ఖిబ్లా చూపడానికి స్థలం తెలియాలి, ఒప్పుకొంటాము. కానీ తెర ఆర్పి బల్ల మీద పెట్టిన తరువాత కూడా తెలియవలసిన అవసరమేమిటి?

2020 నవంబరులో మదర్‌బోర్డ్ అన్న అమెరికా పత్రిక ఒక పరిశోధన ప్రచురించింది. తొమ్మిది కోట్లకు పైగా డౌన్‌లోడ్‌లు ఉన్న 'ముస్లిం ప్రో' అన్న ప్రార్థనల యాప్ నుంచి స్థల సమాచారం ఎక్స్-మోడ్ అన్న దళారీ సంస్థకు చేరుతున్నదనీ, ఆ దళారీ అమ్మే సమాచారం అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు అందుతున్నదనీ అందులో బయటపడింది. యాప్ వారు ఆ సంస్థతో సంబంధం తెంచుకొంటామని ప్రకటించారు. మరుసటి నెలలోనే ఆపిల్, గూగుల్ రెండూ ఎక్స్-మోడ్ కోడ్‌ను యాప్‌ల నుంచి తీసివేయమన్నాయి. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ దళారీ మీద చర్య తీసుకొని, సున్నితమైన స్థల సమాచారం అమ్మరాదని కట్టడి చేసింది.

మన భాషలో దీనికి ఒక మాట ఉన్నది, అమానత్. మనం ఎక్కడ నమాజు చేస్తున్నామో, ఏ దర్గాకు వెళ్ళామో, ఏ ఆసుపత్రిలో రాత్రి గడిపామో అన్నది మనం ఒక యాప్ చేతిలో పెట్టిన అమానత్. దానిని అంగట్లో పెట్టిన వానిని మనం ఏమంటామో ఇక్కడ వ్రాయనక్కరలేదు. కానీ చేతిలో పెట్టే ముందు అవతలివాడు ఎవడని అడగని మన సంగతి ఏమిటి? ఇప్పటి ఆండ్రాయిడ్‌లలో 'యాప్‌ను ఉపయోగిస్తున్నప్పుడు మాత్రమే' అన్న వరుస ఒకటి ఉంటుంది. మేము మూడు యాప్‌లలో రెండింటిని తీసివేసి, మిగిలిన దానికి ఆ వరుస ఎంచాము. పటాన్‌చెరు నుంచి ఖిబ్లా దిశ మారేది కాదు. మిహ్రాబ్ ప్రక్క గదిలోనే ఉన్నది.

వ్యక్తిగత డేటా రక్షణకు మన పార్లమెంటు 2023లో చట్టం చేసింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు. అప్పటి వరకు మన గుమ్మం మనమే కాచుకోవాలి. అప్పు యాప్‌ల విషయంలో ఈ ఆలస్యం ఎంత ప్రమాదమో తెలంగాణ 2020 చివరలో చూసింది. ఫోనులోని పేర్లన్నీ లాక్కొని, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తామని బెదిరించగా కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. రుణ యాప్‌లు కాంటాక్టులనూ ఫోటోలనూ తాకరాదని ప్లే స్టోర్ నియమం పెట్టింది 2023లో. అన్నం ఉడికిన తరువాత ఎసరు పోసినట్లు! మోసపోయిన వారు 1930కి ఎంత త్వరగా ఫోను చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ అంకెను మేము టాబ్లెట్ కవరు మీదనే వ్రాసి అంటించాము.

వక్ఫ్ ఆస్తుల సంగతి కూడా ఈ చిన్న తెర మీదకే వచ్చింది. సవరించిన చట్టం ప్రకారం ఆస్తుల వివరాలు ఎక్కించడానికి కేంద్రం 2025 జూన్ 6న 'ఉమీద్' పోర్టల్ ప్రారంభించి ఆరు నెలలు గడువు పెట్టింది. గడువు పొడిగించమని వెళ్ళిన వారితో సుప్రీంకోర్టు డిసెంబరు 1న ట్రిబ్యునళ్ళకు వెళ్ళమన్నది. ఆ రోజులలో ఒక చిన్న ఖబ్రస్తాన్ ముతవల్లి, మా కంటే పెద్దవాడు, నిజాం కాలపు ముంతఖబ్ కాగితం గుడ్డలో చుట్టి తెచ్చారు. మా టాబ్లెట్ కెమెరాతో తీస్తే ఫార్సీ అక్షరాలు చీమలు నలిగినట్లు వచ్చాయి. చివరకు సంగారెడ్డికి వెళ్ళి స్కానింగ్ దుకాణంలో చేయించుకు వచ్చాము. తరాల పాటు చెదలను ఓడించిన కాగితం రెండు మెగాపిక్సెళ్ళ చేతిలో ఓడిపోబోయింది.

కాబట్టి మేము ప్రభుత్వాన్ని అడిగేది పెద్దదేమీ కాదు. పేదవాడి హక్కు ఏదైనా సరే, దానికి కాగితం దారి ఒకటి తెరచి ఉంచండి. అది అసాధ్యమని ఎవరూ చెప్పలేరు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ఈ రాష్ట్రంలోనే ప్రజాపాలన పేరుతో వార్డు వార్డునా, గ్రామ గ్రామానా కోటికి పైగా దరఖాస్తులు కాగితం మీదనే తీసుకొన్నారు. కంప్యూటర్లలోకి ఎక్కించే పని తరువాత ఉద్యోగులు చూసుకొన్నారు. అట్లా ఎక్కించడంలో ఉన్న కష్టం గుమాస్తాగా మాకు తెలుసు. కానీ ఆ కష్టం జీతం తీసుకొనే వానిది. యాప్ పేరుతో ఆ కష్టాన్ని తెచ్చి రాత్రి షిఫ్టు కార్మికుని కుమార్తె నెత్తిన పెట్టారు. యాప్ తప్పనిసరి అంటే కనీసం అది పాత ఆండ్రాయిడ్‌లో, రెండు జీబీల ర్యామ్‌లో నడుస్తుందో లేదో చూసి విడుదల చేయండి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకూ టాబ్లెట్లకూ కొత్త నియమాలు వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆగిన తరువాత కూడా అయిదు సంవత్సరాలు సాఫ్ట్‌వేర్ నవీకరణలు అందేటట్లు చూడవలసిన బాధ్యత తయారీదారుపై పెట్టారు. మా టాబ్లెట్‌కు చివరి నవీకరణ కొన్న ఎనిమిదవ నెలలో వచ్చింది. అక్కడి కొనుగోలుదారునికి ఉన్న హక్కు మన పటాన్‌చెరు కొనుగోలుదారునికి ఎందుకు ఉండకూడదు?

ఇక మన ఇళ్ళ సంగతి. ఇది వ్రాస్తే కొందరు మిత్రులకు కోపం వస్తుంది, వచ్చినా వ్రాయక తప్పదు. మా గదికి వచ్చే పిల్లలలో మగపిల్లలకు సొంత ఫోన్లు ఉన్నాయి. పదవ తరగతి తప్పిన కుర్రవానికి కూడా ఉన్నది. ఆటలాడుకుంటాడు. ఇంటర్‌లో తొంభై శాతం తెచ్చుకొన్న ఆడపిల్లకు లేదు. "ఆడపిల్లకు ఫోనెందుకు, చెడిపోతుంది" అంటారు. చెడగొట్టేది ఫోను అయితే అబ్బాయి ఎందుకు చెడిపోడో మాకు అర్థం కాదు. 2020లో బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చినప్పుడు కూడా ఇదే చూశాము. టీవీ ముందు అన్న, వంటింట్లో చెల్లెలు. కేరళలో ఫహీమా షిరిన్ అన్న విద్యార్థిని, హాస్టలులో సాయంత్రం వేళ ఫోను వాడరాదన్న నియమాన్ని ఒప్పుకోనందుకు హాస్టలు నుంచి పంపివేస్తే హైకోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబరులో కోర్టు ఆమె పక్షాన తీర్పు చెబుతూ ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమే అన్నది. ఆ అమ్మాయి తండ్రి ఆమెకు తోడు నిలిచాడు. ఆయన వంటి తండ్రులు మన మొహల్లాలలో ఎందరు?

భయం ఉన్నది, కాదనము. మేమూ ఆడపిల్లల తండ్రులమే. కానీ భయానికి మందు అలమారాకు తాళం వేయడం కాదు. తల్లి ప్రక్కన కూర్చోవడం, ఏ యాప్ ఏ అనుమతి అడుగుతున్నదో ఇద్దరూ కలిసి చదవడం. తెలుగులో పెట్టుకొంటే ఆ తల్లికి అది చదవడం వచ్చు. మస్జిద్ కమిటీలు ప్రతి రంజాన్‌లో ఇచ్చే సదఖాలో కొంత భాగం చదువుకొనే ఆడపిల్లల డేటా రీఛార్జికి, ఒక మెమరీ కార్డుకు కేటాయించాలని మేము ప్రతిపాదిస్తే, "కూలర్ కొనాలి" అన్నారు. కూలర్ కూడా కావలసినదే. ఎండలో జుమా నమాజు చేసినవాళ్ళం, మాకు తెలియదా? కానీ కూలర్ లేకపోతే ఎవరికీ ఒక విద్యా సంవత్సరం పోదు.

ఇప్పుడు మా టాబ్లెట్‌లో గ్రూపులు లేవు. ఫోటోలు కార్డులోకి మారాయి. తొమ్మిది జీబీలు ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాము. మా పాత ఉద్యోగం వదలలేదు మమ్మల్ని. ఏ దరఖాస్తుకు ఎప్పుడు గడువు, దానికి ఏ యాప్ కావాలి, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది, ఆ ఫోను ఏ షిఫ్టులో ఉంటుంది అన్నవి అందులో నాలుగు గళ్ళు. గడువుకు పది రోజుల ముందే ఎర్ర సిరాతో గీత. యాప్ ఆ రోజే ఎక్కించి చూడాలి.

ఆ రిజిస్టరు వ్రాస్తున్నది ఆ ఇస్నాపూర్ అమ్మాయే. ఆదివారాలు అసర్ తరువాత తల్లితో పాటు వస్తుంది. మొదటి వారం మేము వ్రాసిన గళ్ళు చూసి, "చాచా, అయిదోది ఒకటి కావాలి" అన్నది. ఏమిటమ్మా అంటే, "ఇంట్లో ఎవరు వద్దంటున్నారో" అన్నది. ఆ గడి ఇంకా గీయలేదు. గీస్తే మొదటి పుటలోనే మా కమిటీ సభ్యుల ఇళ్ళు రెండు వస్తాయి.